తొమ్మిది ఈకలు, ఒక ఖాళీ గిన్నె



మన పల్లెల్లో విగ్రహం లేని సెంటరు అరుదు. బస్సు దిగగానే ఒకటి, పంచాయతీ ఆఫీసు ముందు ఒకటి, పేట మొదట్లో ఇంకొకటి. జయంతికి ఒక దండ, వర్ధంతికి ఒక దండ, మిగతా రోజుల్లో కాకులకు ఆసరా. వాటిని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. అణగారిన పేటలో ఒక విగ్రహం లేచిందంటే దాని వెనక ఎన్నేళ్ళ పోరాటం, ఎంత ఆత్మగౌరవం ఉంటాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అయితే ఒక సంగతి గమనించండి. దాదాపు ప్రతి విగ్రహమూ మనవాడిదే. మన కులం, మన పార్టీ, మన ఊరు, మన భాష. ఎక్కడో ఉన్న పరాయివాళ్ళు ఒకనాడు మనకు చేసిన మేలును తలచుకుని, వాళ్ళ కోసం మన రోడ్డు పక్కన మనం నిలబెట్టిన రాళ్ళు ఎన్ని ఉన్నాయి?

అలాంటి ఒక కట్టడం గురించి ఈ వారం మీతో చెప్పాలని ఉంది. అది మన దేశంలో లేదు. కానీ అది చెప్పే సంగతి మన సంఘాలకు, మన క్రిస్మస్ బియ్యం పంపకాలకు, మన ఫ్లెక్సీలకు నేరుగా తగులుతుంది.

ఐర్లాండ్ దేశం దక్షిణ భాగంలో, కార్క్ జిల్లాలో మిడిల్టన్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడ బెయిలిక్ పార్కు అనే పచ్చిక మైదానంలో తొమ్మిది ఈకలు ఆకాశం వైపు నిలబడి ఉంటాయి. పక్షిరాజు ఈకలు. స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసినవి. ఒక్కొక్కటి సుమారు 20 అడుగుల ఎత్తు. గుండ్రంగా నిలబడి, పైకి పోయేకొద్దీ కొంచెం విచ్చుకుని ఉంటాయి. దూరం నుండి చూస్తే అదొక పెద్ద గిన్నె. ఖాళీ గిన్నె. దాన్ని తయారు చేసిన శిల్పి అలెక్స్ పెంటెక్. ఏ రెండు ఈకలూ ఒకేలా ఉండకుండా చేశాడు. ఆ శిల్పం పేరును మన మాటల్లో 'ఆత్మబంధువులు' అనుకోవచ్చు. 2017 జూన్ 18న దాన్ని ప్రతిష్ఠించినప్పుడు, అమెరికా నుండి చోక్టా అనే ఆదివాసీ జాతి ముఖ్యనాయకుడు గ్యారీ బ్యాటన్ తన ప్రజలతో సముద్రం దాటి వచ్చాడు.

ఐర్లాండ్ రైతులకూ అమెరికా ఆదివాసులకూ ఏమిటి సంబంధం? అది 1847 నాటి సంగతి.

ఆ రోజుల్లో ఐర్లాండ్ పేదలకు తిండి అంటే బంగాళాదుంపే. భూమి దొరలది. కౌలురైతు పండించిన గోధుమలు, ఓట్లు శిస్తుకు పోయేవి. ఇంటి వెనక మిగిలిన చిన్న చెక్కలో దుంపలు వేసుకుని వాటితో ఏడాదంతా నెట్టుకొచ్చేవారు. 1845లో ఆ దుంపకు తెగులు తగిలింది. 1846లో పంట దాదాపు మొత్తం పోయింది. తవ్వితే నల్లగా కుళ్ళిన ముద్దలు, భరించలేని కంపు. ఆకలి వెనకే విషజ్వరాలు వచ్చాయి. 1845 నుండి 1852 లోపు సుమారు పది లక్షల మంది చనిపోయారు. పది లక్షలకు పైగా ఓడలెక్కి దేశం విడిచిపోయారు. 1841లో 80 లక్షలు దాటిన ఆ ద్వీపపు జనాభా 1851 నాటికి 65 లక్షలకు పడిపోయింది. నేటికీ తిరిగి ఆ సంఖ్యకు చేరలేదు. అన్నిటికన్నా బాధాకరమైనది ఏమిటంటే, జనం చచ్చిపోతున్న ఆ సంవత్సరాల్లోనే ధాన్యం, పశువులు, వెన్న అదే దేశపు రేవుల నుండి ఇంగ్లాండుకు ఎగుమతి అవుతూ ఉన్నాయి.

కరువు సాయం వ్యవహారం చూసిన పెద్ద అధికారి ఛార్లెస్ ట్రెవెల్యన్. ఆ కరువును దైవసంకల్పంగా, ఐర్లాండును సరిదిద్దడానికి వచ్చినదిగా భావించి 1848లో పుస్తకం రాసినవాడు. మన తెలుగు జిల్లాలకు కూడా ఆయన కొత్తవాడు కాదు. తర్వాత 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చింది ఆయనే. ప్రియులారా, పొరుగువాడి ఆకలికి దేవుని పేరు పెట్టి చేతులు కడుక్కోవడం చాలా పాత అలవాటు. యోబు స్నేహితులు చేసింది అదే. చివరికి దేవుడు ఎవరి మీద కోపించాడో ఆ గ్రంథం చదివినవారికి తెలుసు.

ఇక రెండో జాతి కథ. చోక్టా ప్రజల సొంత నేల మిసిసిపీ ప్రాంతం. 1830లో అమెరికా అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ ఆదివాసులను పడమటికి తరలించే చట్టం మీద సంతకం చేశాడు. అదే సంవత్సరం చోక్టాలతో ఒప్పందం రాయించుకున్నారు. ఆ చట్టం కింద మొదట తరలించబడిన పెద్ద జాతి వారిదే. 1831 చలికాలంలో మంచులో, చాలని దుప్పట్లతో, చాలని తిండితో వందల మైళ్ళు నడిచారు. పసిపిల్లలు, ముసలివాళ్ళు, గర్భిణులు. వేలమంది దారిలోనూ, చేరిన తర్వాతా చనిపోయారు. ఆ దారికి 'కన్నీటి బాట' అని పేరు వచ్చింది. చేరిన చోటు నేటి ఓక్లహోమా. అక్కడ మళ్ళీ గుంజ పాతడం దగ్గర నుండి మొదలుపెట్టుకున్నారు.

అలా మొదలుపెట్టుకున్న పదహారేళ్ళకు, 1847 మార్చి 23న, స్కల్లీవిల్ అనే చోట ఒక సభ జరిగింది. ఎక్కడో సముద్రం అవతల ఐర్లాండ్ అనే దేశంలో జనం ఆకలితో చనిపోతున్నారని అక్కడ చెప్పారు. చోక్టాలు, వారితో పాటు అక్కడున్న కొందరు అధికారులు, మిషనరీలు, వ్యాపారులు చందా వేసుకున్నారు. 170 డాలర్లు పోగయ్యాయి. కొన్ని పాత రాతల్లో 710 అని కనబడుతుంది కానీ చరిత్రకారులు 170నే సరైనదిగా తీసుకుంటారు. ఆ డబ్బు ఐర్లాండ్ సహాయ సంఘాల ద్వారా చేరవలసిన చోటికి చేరింది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. చోక్టాలను వెళ్ళగొట్టిన చట్టం మీద సంతకం చేసిన జాక్సన్ తల్లిదండ్రులు ఎక్కడివారో తెలుసా? ఐర్లాండ్ ద్వీపం ఉత్తర భాగం నుండి అమెరికాకు వలస వచ్చినవారు. మన ఊరి లెక్కల ప్రకారమైతే ఏమనాలి? "వాళ్ళ జాతోడే కదా మనల్ని ఊరు వెళ్ళగొట్టింది. చావనీ." అలా అనడానికి వారికి హక్కు ఉందని కూడా మనం ఒప్పుకుంటాం. ఆ సభలో ఆ లెక్క గెలవలేదు. ఆకలితో నడిచినవారికి, ఆకలితో ఉన్నవారు మాత్రమే కనబడ్డారు.

ఈ చరిత్ర ముందు పెట్టుకుని మూడు మాటలు చెప్పదలచుకున్నాను.

మొదటి మాట: ఇవ్వడం పేదవాడి పని కూడా

పల్లె సంఘాల్లో ఒక జబ్బు ఉంది. ఎవరో వచ్చి ఇస్తారు, మనం తీసుకుంటాం అనేది. పట్నం నుండి బ్రదర్ గారు దుప్పట్లు తెస్తారు, విదేశాల నుండి ఎవరో మందిరానికి రేకులు వేయిస్తారు, ఫలానా సంస్థ బావి తవ్విస్తుంది. తీసుకోవడంలో తప్పు లేదు. అవసరంలో ఉన్నవాడు చేయి చాపడం అవమానమూ కాదు. కానీ తరాల తరబడి చాపి ఉన్న చేయి చివరికి మూయడం మరచిపోతుంది. "మనం పేదోళ్ళం అయ్యగారూ, మనమేమి ఇవ్వగలం?" అనే మాట నమ్రతలా వినబడుతుంది. నిజానికి అది మన గౌరవాన్ని మనమే తీసి పక్కన పెట్టుకోవడం.

పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రిక ఎనిమిదో అధ్యాయం ఒకసారి తీసి చూడండి. అక్కడ ఆయన మెచ్చుకున్నది ధనవంతుల సంఘాన్ని కాదు, నిరుపేదలైన మాసిదోనియ సంఘాలను. మమ్మల్ని కూడా ఇవ్వనివ్వండి అని ఆయన్ను బతిమాలుకున్నది వాళ్ళు. యెరూషలేములో కరువుతో ఉన్న పరిశుద్ధులను వాళ్ళు ఎన్నడూ చూసినవారు కారు. స్కల్లీవిల్‌లో చందా వేసినవారు మిడిల్టన్‌ను చూసినవారు కారు.

170 డాలర్లతో ఐర్లాండ్ ఆకలి తీరిందా? తీరలేదు. ఆ కరువుకు వచ్చిన సాయంలో అది సముద్రంలో చెంబెడు నీళ్ళు. మన కలకత్తా నుండే ఆ కరువు తొలిరోజుల్లో సుమారు 14,000 పౌండ్లు వెళ్ళాయి. అక్కడి ఐరిష్ సైనికులు, ఇంగ్లీషు అధికారులు, భారతీయులు కలిసి పంపిన సొమ్ము అది. లెక్క ప్రకారం చూస్తే చోక్టాల కానుక దాని పక్కన నిలబడదు. అయినా ఐర్లాండ్ ఈకలు నిలబెట్టింది చోక్టాల కోసం. ఎందుకంటే ఆ 170 ఎక్కడి నుండి వచ్చిందో వారికి తెలుసు. రెండు కాసులు వేసిన విధవరాలిని ప్రభువు ఏ తూకంతో తూచాడో ఆ తూకమే అది.

రెండో మాట: గంజి గిన్నెకు తాడు కట్టవద్దు

ఐర్లాండ్ కరువులో గంజి కేంద్రాలు పెట్టారు. 1847 వేసవిలో రోజుకు ముప్పై లక్షల మంది దాకా ఆ గంజి మీద బతికారు. క్వేకర్లు అనే క్రైస్తవ సమాజం వారు ఏ షరతూ లేకుండా కడుపులు నింపారు. వారి పేరు అక్కడ ఇప్పటికీ గౌరవంగా తలుస్తారు. అయితే మరికొందరు సువార్త పేరుతో వచ్చినవారు ఇంకో పని చేశారు. మా సంఘంలో చేరితే, మా బడికి పిల్లల్ని పంపితే గంజి పోస్తాం అన్నారు. ఆకలికి తట్టుకోలేక కొందరు ఒప్పుకున్నారు. కరువు పోయింది గానీ ఆ మచ్చ పోలేదు. "సూపు తాగినోడు" అనే మాట ఆ దేశంలో తిట్టుగా మిగిలిపోయింది. తమ పేరుతో గంజి గిన్నెకు తాడు కట్టినవారి వల్ల ప్రభువు నామం ఎంతకాలం దూషణ పాలయిందో చూడండి.

అదే దేశంలో మేయో జిల్లాలో డూలాక్ అనే లోయ ఉంది. మనుషులు తక్కువ, కొండలూ సరస్సూ ఎక్కువ. 1849 మార్చి ఆఖరులో, సాయానికి అర్హులో కాదో తనిఖీ చేయించుకోవడానికి రమ్మని వందలమంది ఆకలిగొన్నవారిని ఆ లోయ గుండా మైళ్ళ కొద్దీ నడిపించారు. వెళ్ళినవారిని ఉత్తచేతులతో తిప్పి పంపారు. చలిగాలిలో, వానలో చాలామంది దారిలోనే రాలిపోయారు. ఇవాళ ఆ రోడ్డు పక్కన వారి జ్ఞాపకంగా ఒక రాయి ఉంది. దాని మీద మన గాంధీగారి మాట చెక్కారు. తోటి మనుషులను అవమానపరచి ఎవరైనా తాము గౌరవం పొందామని ఎలా అనుకోగలరు అన్నది దాని భావం. 1990లో చోక్టా నాయకులు వచ్చి ఆ దారిలో ఐరిష్ వారితో కలిసి నడిచారు. కన్నీటి బాటలో నడిచినవారి మనవలకు ఆ దారి ఎవరూ వివరించనవసరం లేదు.

ఈ విషయంలో మన తెలుగు సంఘాలకు సొంత సాక్ష్యం ఒకటి ఉంది. మన పిల్లలకు దాన్ని చెప్పడం మనం దాదాపు మానేశాం. 1876 నుండి 1878 వరకు వచ్చిన ధాత కరువులో దక్షిణ దేశమంతా లక్షలమంది చనిపోయారు. అప్పుడు ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. వేలమందికి, ముఖ్యంగా మాదిగ కుటుంబాలకు, కూలి దొరికింది. ఊరికే పంచిపెట్టిన గింజలు కాదు, చెమటోడ్చి సంపాదించిన కూలి. ఆ కాలంలోనే బాప్తిస్మం ఇమ్మని ఎందరో అడిగారు. ఆయన నెలల తరబడి ఆపాడు. కూటి కోసం వచ్చారని ఎవరూ వేలెత్తి చూపకూడదనీ, వచ్చేవారి మనస్సులో కూడా ఆ సందేహం ఉండకూడదనీ ఆపాడు. కరువు సాయం పని ముగిశాకే మళ్ళీ మొదలుపెట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

బియ్యం కోసం మతం మారారని మనల్ని వెక్కిరించేవారికి మనం ఎన్నో జవాబులు చెబుతుంటాం. గట్టి జవాబు మన చరిత్రలోనే ఉంది. అయితే ఆ జవాబు చెప్పే అర్హత మనకు నిలవాలంటే, ఇవాళ మనం పంచే బియ్యం కూడా అంతే శుభ్రంగా ఉండాలి. ఆదివారం రాని ఇంటికి కిట్టు ఆపితే, పక్క సంఘానికి వెళ్ళిన విధవరాలి పేరు లిస్టులో కొట్టేస్తే, మన గిన్నెకూ తాడు ఉన్నట్టే.

మూడో మాట: రాయి నిలబెట్టాల్సింది పుచ్చుకున్నవాడు

మిడిల్టన్ ఈకల్లో నన్ను బాగా ఆలోచింపజేసింది ఇదే. చోక్టాలు తమ దానానికి తాము శిలాఫలకం వేసుకోలేదు. మేలు పొందినవారి మనవలు, మునిమనవలు, 170 ఏళ్ళ తర్వాత వేశారు. ఇచ్చినవారు ఇచ్చి ఊరుకున్నారు, గుర్తుపెట్టుకునే పని పుచ్చుకున్నవారు చేశారు.

మన దగ్గర ఎలా ఉంది? మందిరంలో ఫ్యాను వేయిస్తే మూడు రెక్కల మీదా దాత పేరు ఉంటుంది. అది తిరిగితే పేరు కనబడదని కరెంటు పోవాలని కోరుకునేవారు కూడా ఉంటారేమో. గోడ గడియారం మీద పేరు, బల్ల మీద పేరు, మైకు సెట్టు పెట్టె మీద పేరు. అయిదు కిలోల బియ్యం ఇవ్వడానికి ఎనిమిది మంది సంచి పట్టుకుని ఫోటో. ఆ ఫోటో మధ్యలో తల దించుకుని ఒక ముసలామె. తీసిన అయిదు నిమిషాలకు వాట్సాప్‌లో ఆమె పేదరికం ఊరంతా తిరుగుతుంది. ఆ ముసలామె మనవడు రేపు ఆ ఫోటో చూస్తే కృతజ్ఞత పుడుతుందా, సిగ్గు పుడుతుందా? కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియనివ్వవద్దని ప్రభువు కొండమీద చెప్పింది మనకోసమే. మనం రెండు చేతులూ కనబడేలా ఫ్లెక్సీ వేస్తున్నాం.

దాతలను మరచిపొమ్మని నేను అనడం లేదు. అసలు మరవకూడదు. కానీ ఆ పని దాతది కాదు. గోదావరి డెల్టా గ్రామాల్లో కాటన్ దొర విగ్రహాలు మీరు చూసే ఉంటారు. 1832-33 నాటి నందన కరువు దెబ్బ తిన్న నేలకు ధవళేశ్వరం ఆనకట్ట నీళ్ళు తెచ్చింది. ఆ పని మొదలైంది కూడా 1847లోనే, 1852లో పూర్తయింది. దానివల్ల ఆనాటి ప్రభుత్వానికి శిస్తు బాగా పెరిగిన మాట నిజమే. అయినా ఆ విగ్రహాలు నిలబెట్టిన రైతులను ఎవరూ బలవంతపెట్టలేదు. ముత్తాత ఆకలి ముత్తాతతో పోయిందని తెలిసినవాడు, ఆ నీళ్ళు తాగి పండిన పొలం గట్టున నిలబడి వేసిన దండ అది. అలాంటి గౌరవం డబ్బు పెట్టి వేయించుకునేది కాదు.

"అయ్యగారూ, విశ్వాసులకు విగ్రహాలేమిటి?" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. యెహోషువ గ్రంథం నాలుగో అధ్యాయంలో యొర్దాను దాటిన జనం నది మధ్య నుండి పన్నెండు రాళ్ళు మోసుకొచ్చి గిల్గాలులో నిలబెట్టారు. మొక్కడానికి కాదు. రేపు పిల్లలు ఈ రాళ్ళేమిటని అడిగితే పెద్దలు కూర్చోబెట్టి చెప్పడానికి. రాయి పని పిల్లవాడి చేత ప్రశ్న అడిగించడం. మిడిల్టన్ ఈకలకు ముఖం లేదు, మెడ లేదు, దండ వేద్దామన్నా చోటు లేదు. అది ఖాళీ గిన్నె. చూసినవాడికి మొక్కాలనిపించదు, నింపాలనిపిస్తుంది.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. 1847 నాటి చోక్టాల్లో కొందరు నల్లవారిని బానిసలుగా ఉంచుకున్నవారు. తమ నేల పోగొట్టుకున్న జనమే ఇంకొకరి స్వేచ్ఛను చేతిలో పట్టుకుని ఉన్నారు. ఈ నిజం విని వారి కానుకను తోసేయనక్కరలేదు. వారిని దేవదూతలుగా గీయనూ అక్కరలేదు. మేలు చేసినవాడు మచ్చలేనివాడు కావాలని పట్టుబడితే లోకంలో ఎవరికీ కృతజ్ఞత చెప్పలేం. మనుషులు చేసిన ఒక మంచిని మంచి అని చెప్పి, చెడును చెడు అని చెప్పగలగడమే సత్యసాక్ష్యం. లేఖనం దావీదు విషయంలో చేసింది అదే.

చివరిగా, ఆ జ్ఞాపకం ఏ పని చేసిందో చూడండి. 1992లో కొందరు ఐరిష్ వారు అమెరికా వెళ్ళి, కన్నీటి బాటలో ఎదురు దిశగా, ఓక్లహోమా నుండి మిసిసిపీ దాకా 500 మైళ్ళు నడిచారు. ఆ నడకతో 170,000 డాలర్లు పోగుచేశారు. చోక్టాలు ఇచ్చిన ఒక్కో డాలరుకు వెయ్యి డాలర్లు. ఆ డబ్బు ఎవరికి పంపారనుకుంటున్నారు? చోక్టాలకు కాదు, అప్పుడు కరువుతో అల్లాడుతున్న సోమాలియాకు. 1995లో ఐర్లాండ్ అధ్యక్షురాలు మేరీ రాబిన్సన్ స్వయంగా చోక్టాల దగ్గరకు వెళ్ళి కృతజ్ఞత చెప్పింది. 2020లో కరోనా అమెరికాలోని నవాహో, హోపీ ఆదివాసులను కుదిపేసినప్పుడు, ఐర్లాండ్ నుండి వేలమంది సామాన్యులు పది, ఇరవై చొప్పున పంపారు. నవాహోలు వేరు, చోక్టాలు వేరు. పంపినవారికి ఆ సంగతి తెలుసు. పాత బాకీ ఇచ్చినవాడికే తీర్చాలని నియమం పెట్టుకుంటే, చనిపోయినవారికి ఎలా తీరుస్తాం? ఎదుట ఉన్న ఆకలిగొన్నవాడికే తీర్చాలి. మంచి సమరయుని కథ చెప్పి ప్రభువు ఆఖరున ఇచ్చిన ఆజ్ఞ కూడా అదే దిక్కుకు పంపుతుంది.

కాబట్టి ఈ వ్యాసం చదివే సంఘ పెద్దలకు, యవ్వనస్థులకు, స్త్రీల సమాజం అమ్మలకు నా మనవి. వచ్చే క్రిస్మస్‌కు బియ్యం పంచేటప్పుడు ఫోన్లు ఇంట్లో పెట్టి రండి. సంచి గుమ్మం దగ్గర దించి, కుశలం అడిగి, ఒక మాట ప్రార్థించి వచ్చేయండి. లిస్టులో ఎవరు ఏ మందిరానికి వెళతారని రాయకండి. అసలు ఏ మందిరానికీ వెళ్ళని ఇల్లు ఉంటే ముందు ఆ ఇంటికే వెళ్ళండి. మీరు ఇచ్చేవారైతే మీ పేరు రాయవద్దని మీరే చెప్పండి. పుచ్చుకున్నవారైతే ఇచ్చినవారిని మీ పిల్లలకు చెప్పండి. మీ మందిరం పునాది ఎవరి కష్టంతో లేచింది, మీ తాత చదువుకు ఎవరు పలక కొన్నారు, తుఫాను ఏడాది మీ పేటకు ఏ ఊరివారు అన్నం వండి తెచ్చారు, ఇవి ఒక నోటుబుక్కులో రాయించండి. రాయడానికి ముసలివాళ్ళు ఉన్నప్పుడే కూర్చోండి. ఆ తెచ్చినవారిలో మన కులం కానివారు, మన మతం కానివారు ఉంటే వారి పేర్లు ముందు రాయండి.

నెలకొకసారి మన కానుకల్లో కొంత, అది యాభై రూపాయలైనా సరే, మనం ఎన్నడూ చూడనివారి కోసం, మన భాష రానివారి కోసం తీసి పక్కన పెట్టండి. చిన్న మొత్తమని సిగ్గుపడకండి. ఆ డబ్బు అందుకున్నవారి మనవలు ఏదో ఒక రోజు మనల్ని తలచుకుంటారా లేదా అన్నది మనం చూసుకోవలసిన లెక్క కాదు. స్కల్లీవిల్‌లో ఆ రోజు చందా వేసినవారెవరూ ఈకలను చూడలేదు. ఆకలిగొన్నవారికి ఇచ్చినది తనకే ఇచ్చినట్టు రాసుకుంటానన్న ప్రభువు దగ్గర ఆ లెక్క భద్రంగా ఉంది.

ఇచ్చినప్పుడు మరచిపోయే మనస్సును, పుచ్చుకున్నప్పుడు మరవని మనస్సును దేవుడు మనకందరికీ దయచేయును గాక. ఆమెన్.